ఎవరి వాటా ఎంత? — ‘పాట్ అండ్ మైక్’ చిత్రం

హాస్యం విషయంలో మన విమర్శకు ఒక పాత అలవాటు వున్నది. కన్నీళ్లు పెట్టించే రచనలో సమాజాన్ని వెతుకుతాము. నవ్వించే రచన కనబడితే కాలక్షేపమని పక్కకు నెట్టేస్తాము. అది సినిమా అయితే చిన్నచూపు ఇంకొంచెం పెరుగుతుంది. ప్రేమకథ కూడా అయి, ఆ ప్రేమకథ గోల్ఫు పచ్చిక మీదా టెన్నిసు కోర్టు మీదా నడిచేదయితే ఇక విచారణే అక్కరలేదు. తీరిక వర్గాల వినోదమని ముద్ర కొట్టి దస్త్రం కట్టేస్తాము.

తెలుగు చదువుకున్న వాళ్లకు ఈ అలవాటు శోభించదు. మన ఆధునిక సాహిత్యంలో మొదటి వరసలో కూర్చున్న ‘కన్యాశుల్కం’ హాస్య నాటకమే. 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శించబడి, 1897లో అచ్చయి, 1909లో పెరిగి కొత్త రూపంలో వచ్చిన ఆ నాటకం ఆడపిల్లకు కట్టిన ధరను గురించినది. బేరసారాలు సాగుతున్నంతసేపూ ప్రేక్షకుడు నవ్వుతూనే వుంటాడు. నవ్వి నవ్వి, తాను నవ్వినది ఒక పసిపిల్ల అమ్మకాన్ని చూసి అని తెలుసుకుంటాడు. తరగతిలో ఆ నాటకం చెప్పిన ప్రతి ఏడూ నాకు ఒక విషయం తోస్తూ వుంటుంది. కరుణ రసంలో ధర అనేది విధివ్రాతగా కనిపించి పోతుంది. హాస్యంలో మాత్రం అది అణాపైసలతో సహా లెక్కగానే మిగిలిపోతుంది. అందుకనే మనిషికీ మనిషికీ మధ్యనున్న ఆర్థిక సంబంధం చూడదలచిన వాళ్లు హాస్యాన్ని వదలకూడదు.

ఆ దృష్టితోనే 1952 నాటి ఒక అమెరికన్ చిత్రాన్ని గురించి ఇక్కడ మాట్లాడదలచాను. పేరు ‘పాట్ అండ్ మైక్’. దర్శకుడు జార్జి క్యూకర్. కథా సంభాషణలు రాసినది రూత్ గోర్డన్, గార్సన్ కానిన్ అనే భార్యాభర్తలు. కథానాయిక కాథరిన్ హెప్‌బర్న్. నాయకుడు స్పెన్సర్ ట్రేసీ. ఆ ఇద్దరూ కలిసి నటించిన తొమ్మిది చిత్రాలలో ఇది ఏడవది. చిత్రం పేరులో పాట్ ముందు, మైక్ వెనక. ప్రకటనలలో మాత్రం ట్రేసీ ముందు, హెప్‌బర్న్ వెనక. చిత్రం లోపల ఏ గొడవ నడుస్తున్నదో బయటి కాగితం మీద కూడా అదే నడిచిందన్నమాట.

కథ పెద్దదేమీ కాదు. పాట్ పెంబర్టన్ కాలిఫోర్నియాలో ఒక కాలేజీలో వ్యాయామ విద్య నేర్పే ఉపాధ్యాయిని. ఏ ఆట పట్టుకున్నా అసాధారణంగా ఆడగలదు. ఆమెను పెళ్లాడబోతున్న కోలియర్ వెల్డ్ అదే కాలేజీ పాలనలో పెద్ద ఉద్యోగి. చూడముచ్చటగా వుంటాడు, మర్యాదస్థుడు. కాని అతను గట్టు మీద నిలబడి చూస్తే చాలు, పాట్‌కు చేతులు ఆడవు, బంతి తప్పుతుంది. తన శక్తి ఏమిటో తేల్చుకోవాలని ఆమె పోటీలలోకి దిగుతుంది. అక్కడ మైక్ కోనవన్ అనే ప్రమోటరు తారసపడతాడు. ఆటగాళ్లను పోటీలకు దింపి, వచ్చిన సొమ్ములో వాటా తీసుకోవటం అతని వృత్తి. అతని వెనుక పెట్టుబడి పెట్టిన జూదపు ముఠా ఒకటి వున్నది. ఎవరు గెలవాలో ఎవరు ఓడాలో ముందే నిర్ణయించటం ఆ ముఠా వ్యాపారం. పాట్ ఆ నిర్ణయాలకు ఒప్పుకోదు. మైక్‌తో చేరి వృత్తి క్రీడాకారిణి అవుతుంది. ఆ తరువాత జరిగేది మామూలు ప్రేమకథ; చివరకు ఇద్దరూ ఒకటవుతారు.

కోలియర్ పాత్రను ముందుగా పరిశీలించాలి. దుర్మార్గుడిని చిత్రించటం తేలిక. ఇతను దుర్మార్గుడు కాడు. పాట్‌ను ఆడవద్దని కొట్టడు, తిట్టడు. చాలాసార్లు ప్రోత్సహిస్తున్నట్టే మాట్లాడతాడు. అతను చేసే పనల్లా చూడటమే. ఆ చూపులో ఒక తీర్పు ముందే సిద్ధంగా వుంటుంది: ఇదంతా ముచ్చట తీర్చుకోవటం, కాసేపటికి అయిపోతుంది, తరువాత ఇంటికి వెళదాము. టెన్నిసు పోటీ దృశ్యంలో ఈ సంగతిని క్యూకర్ కెమెరాతో చేసిన ఒక చిన్న గారడీ ద్వారా చెప్పాడు. కోలియర్ ప్రేక్షకులలో కనపడగానే పాట్ కళ్లకు నెట్ పైకి లేస్తుంది. తన చేతిలోని రాకెట్టు చిన్నదైపోతుంది. ఎదుటి మనిషి రాకెట్టు పెద్దదైపోతుంది. ప్రేక్షకులు పగలబడి నవ్వుతారు.

ఆ దృశ్యం చూసినప్పుడు నేనూ నవ్వాను. నవ్వుతూనే నా కాళ్లు బిగుసుకున్నాయి. డిగ్రీ చదివే రోజుల్లో నేను ఖోఖో ఆడేదాన్ని. తరుముకొచ్చే పిల్ల చేతికి అందకుండా వరస మధ్యనుంచి పాములా జారిపోవటం నా విద్య. ఒక సంవత్సరం అంతర్ కళాశాల పోటీలు మా వూరికి దగ్గరలోనే జరిగాయి. మా పెదనాన్నగారు వచ్చి తాడు అవతల చేతులు వెనక్కు కట్టుకుని నిలబడ్డారు. ఆయన ఏమీ అనలేదు. మంచినీళ్లు కూడా తెప్పించి ఇచ్చారు. కాని ఆ సాయంత్రం వరసలో కూర్చున్న పిల్లల మధ్య ఖాళీలు నాకు సన్నబడిపోయాయి, స్తంభం దూరమైపోయింది. రెండు నిమిషాలైనా నిలవకుండా దొరికిపోయాను. ఇంటికి వెళ్లాక ఆయన మా అమ్మతో అన్నది ఒక్కటే మాట: “పిల్ల బాగానే ఆడుతోందమ్మా, ఇక చాలులే.” నన్ను ఎవరూ నిషేధించలేదు. మరుసటి సంవత్సరం జట్టులో నా పేరు లేదు, అంతే. నిషేధం వుంటే ఎదిరించటానికి ఒక గోడ వుంటుంది. చూపును ఎక్కడ పట్టుకుని ఎదిరిస్తాము? మన కుటుంబాలలో భూస్వామ్య పెత్తనం చాలావరకు ఇలా నోరు విప్పకుండానే పని సాధించుకుంటుంది. కోలియర్ భూస్వామి కాడు, అమెరికా మధ్యతరగతి విద్యావంతుడు. అయినా పెత్తనం చేసే పద్ధతి ఒకటే.

ఆ చూపు వెనుక వున్న ప్రయోజనాన్ని కూడా చిత్రం దాచలేదు. మొదట్లో ఒక గోల్ఫు ఆట వున్నది. ఒక ధనిక దంపతులతో ఆడాలి; వారి వల్ల కాలేజీకి విరాళం వస్తుందన్నది కోలియర్ ఆశ. పాట్ ఆట ఆ ఆశకు పనిముట్టు. ఆ ధనవంతుడి భార్యకు గోల్ఫు అంతంత మాత్రం. కాని సలహాలకు అంతులేదు: చేయి ఇలా పెట్టు, తల అలా వంచు! పాట్ సహించి సహించి, చివరికి ఆవిడను తీసుకుపోయి కుర్చీలో కూలవేసి, వరసగా పెట్టిన బంతులను ఒకదాని వెంట ఒకటి ఊపిరి తీసుకోకుండా దూరానికి కొట్టిపారేస్తుంది. ఈ దృశ్యంలో డూపు లేదు. హెప్‌బర్న్ స్వయంగా మంచి క్రీడాకారిణి. పని తెలియని ధనం పని తెలిసిన మనిషికి పాఠం చెప్పటం మనకు కొత్త కాదు. ఏ కాలేజీలో పనిచేసే ఉపాధ్యాయులకయినా ఆ కుర్చీ దృశ్యం కడుపు చల్లబరుస్తుంది.

ఇక్కడ ఒక చారిత్రక విషయం చెప్పుకోవాలి. లేకపోతే పాట్ ఉద్యోగం మాని ‘ప్రొఫెషనల్’ కావటంలోని బలం అర్థం కాదు. ఆటకు డబ్బు తీసుకోకూడదన్న ‘అమెచ్యూర్’ నియమం చాలాకాలం పవిత్ర సూత్రంగా చెలామణి అయింది. వినటానికి అది త్యాగంలాగా వుంటుంది. నిజానికి అది వర్గ నియమం. తిండికి లోటు లేనివాడే డబ్బు తీసుకోకుండా ఏడాది పొడుగునా ఆడగలడు. కూలి చేసుకునేవాడి కూతురు ఆడాలంటే ఆ ఆటే ఆమెకు కూలి ఇవ్వాలి. వింబుల్డన్ టెన్నిసు పోటీలు డబ్బు తీసుకునే ఆటగాళ్లకు 1968 దాకా తలుపు తెరవలేదు.

ఈ సత్యానికి సాక్షి చిత్రంలోనే వున్నది. గోల్ఫు దృశ్యాలలో పాట్‌తో తలపడే బేబ్ డిడ్రిక్సన్ జహారియాస్ నటి కాదు. తన పాత్రను తానే ధరించిన నిజమైన క్రీడాకారిణి. నార్వే నుంచి టెక్సాస్‌కు వలస వచ్చిన ఒక వడ్రంగి కూతురు. డల్లాసులో ఒక ఇన్సూరెన్సు కంపెనీ ఆమెను గుమాస్తా కింద చేర్చుకుని తన బాస్కెట్‌బాల్ జట్టులో ఆడించుకుంది. 1932లో అమెరికా జాతీయ మహిళా అథ్లెటిక్స్ పోటీలకు ఆ కంపెనీ తరఫున ఆమె ఒక్కతే వెళ్లి 30 పాయింట్లు తెచ్చి జట్టు బహుమతి గెలిచింది. రెండవ స్థానంలో వచ్చిన సంఘం 22 మంది క్రీడాకారిణులతో దిగి 22 పాయింట్లు తెచ్చుకుంది. ఆ ఏడే లాస్ ఏంజెలిస్ ఒలింపిక్సులో జావెలిన్, 80 మీటర్ల హర్డిల్స్‌లో బంగారు పతకాలు, ఎత్తు దూకటంలో వెండి పతకం. స్త్రీలు మూడు పోటీలకు మించి పాల్గొనకూడదన్న నియమం వుండబట్టి మూడుతో ఆగింది. ఆ ఏడాది తిరగకముందే ఒక కారు ప్రకటనలో ఆమె పేరు వచ్చిందని అమెచ్యూర్ హోదా తీసేశారు. పొట్టకోసం ప్రదర్శన ఆటలు ఆడుకుంది. పత్రికలు ఆమె కండలను చూసి వెక్కిరించాయి. 1950లో మహిళా గోల్ఫు క్రీడాకారిణుల వృత్తి సంఘాన్ని స్థాపించిన పదముగ్గురిలో ఆమె ఒకతె. 1953లో కాన్సరుకు శస్త్రచికిత్స జరిగితే, 1954లో తిరిగి వచ్చి అమెరికా మహిళా ఓపెన్ గెలిచింది. 1956లో 45 ఏళ్లకే పోయింది. ఇటువంటి మనిషి పక్కన నిలబడి పాట్ గోల్ఫు కర్ర ఎత్తుతుంటే, ‘డబ్బు కోసం ఆడటం’ అన్న మాటకు ఆ కాలపు మర్యాదస్థులు అంటగట్టిన మురికి అంతా రాలిపోతుంది. ఆట కూడా పనే. పనికి జీతం అడగటం తప్పు కాదని ఈ చిత్రం ఉపన్యాసం లేకుండా ఒప్పిస్తుంది.

ఇక మైక్ సంగతి. తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు అతనిలో మొదట ఆకర్షించింది భాష. కోలియర్ మాట్లాడేది కాలేజీ ఇంగ్లీషు. మాటకు మాట ఇస్త్రీ చేసినట్టు వుంటుంది. మైక్‌ది న్యూయార్కు వీధుల యాస. ‘చాయిస్’ అనవలసిన మాటను అతను ‘చెర్స్’ అంటాడు. కోలియర్ శిష్ట భాషలో ఎక్కడా పాట్ శ్రమకు గౌరవం లేదు. మైక్ వీధి భాషలో అది వున్నది. వ్యాకరణం తెలిసినవాడి నోటికన్నా తెలియనివాడి నోట నిజం ముందు వస్తుందని మన వ్యావహారిక భాషా వాదులు ఎంత పోరాడి చెప్పారు!

కాని మైక్‌ను మహాత్ముణ్ణి చెయ్యనక్కరలేదు. ఆ ‘చెర్స్’ అన్న మాట అతను వాడిన సందర్భం చూడండి. పాట్ నడిచిపోతుంటే వెనకనుంచి చూసి, ఒంటిమీద మాంసం పెద్దగా లేదుగాని వున్నదంతా మేలిరకమని అంటాడు. ఆ వాక్యాన్ని ప్రణయ వాక్యంగా మెచ్చుకున్న వాళ్లు చాలామంది వున్నారు. నాకు అది సంతలో కొనుగోలుదారు మాటగా వినిపించింది. అతని చేతికింద ఒక బాక్సరు, ఒక పందెపు గుర్రం ముందే వున్నాయి. ఇప్పుడు ఒక స్త్రీ వచ్చింది. ముగ్గురికీ తిండి, నిద్ర, కసరత్తు అతనే నిర్ణయిస్తాడు. అతని దృష్టిలో మూడూ పెట్టుబడే. పెట్టుబడిదారు మనిషిని చూసినప్పుడు మనిషి కనపడడు, రాబడి కనపడుతుంది. మైక్‌లోని మంచితనం, ఆ చూపును అతను నటనతో కప్పిపుచ్చకపోవటంలో వున్నది. కోలియర్ తన యాజమాన్యాన్ని ప్రేమ అన్నాడు. మైక్ తన యాజమాన్యాన్ని యాజమాన్యమనే అన్నాడు. కాగితం మీద రాశాడు. చెరి సగం అన్నాడు. అందువల్లనే అతనితో తగాదా పెట్టుకోవటం సాధ్యమయింది.

ఈ చిత్రానికి గుండెకాయ అనదగినది ఒక ప్రశ్నోత్తర మాలిక. డేవీ హకో అనే ఆ బాక్సరు బలవంతుడు, అమాయకుడు. అతను అలసి పట్టు తప్పినప్పుడల్లా మైక్ పిలిచి మూడు ప్రశ్నలు వేస్తాడు. నిన్ను తయారు చేసినది ఎవరు? నువ్వే. నీలో పెద్ద వాటా ఎవరిది? నీదే. నేను నిన్ను వదిలేస్తే ఏమవుతావు? మురికి కాలవలో పడిపోతాను. పడిపోయి? అక్కడే వుంటాను. చిన్నపిల్లవాడు ఎక్కం అప్పజెప్పినట్టు హకో అప్పజెబుతాడు. హాలంతా నవ్వు.

నవ్వు ఆగాక ఆలోచిస్తే, ఇంత చిన్న మాటలలో కూలి మనిషి పరిస్థితిని చెప్పిన దృశ్యాలు చాలా తక్కువ అనిపిస్తుంది. గుద్దులు తినేది హకో. రక్తం కారేది హకోకు. కాని తనను తయారు చేసినవాడు యజమాని అని అతనితోనే చెప్పిస్తున్నారు. శ్రమ చేసేవాడు తన శ్రమను ఇంకొకరి దానంగా గుర్తించటం, ఆ దానం ఆగితే తనకు బతుకే లేదని నమ్మటం — దోపిడీ నిలబడేది ఈ నమ్మకం మీద. కొరడా దాని తరువాతి సంగతి. మన పాలేరు దొర ముందు ‘తమరి దయ’ అన్న మాట ఈ ప్రశ్నోత్తరానికి అన్నదమ్ము.

ముఠావాళ్లు మైక్ మీద చెయ్యి చేసుకునే ఘట్టం ఈ యాజమాన్యాన్ని ఇంకొక వైపునుంచి కదుపుతుంది. ఇద్దరు రౌడీలు అతన్ని పట్టుకుంటే పాట్ రంగంలోకి దిగి వాళ్లను చావబాది నేల కరిపిస్తుంది. ఆ రౌడీలలో ఒకడు, తరువాతి కాలంలో పెద్ద పేరు తెచ్చుకున్న చార్లెస్ బ్రాన్సన్. అప్పటికింకా బుచిన్స్కీ అన్న ఇంటిపేరుతోనే వేషాలు వేస్తున్నాడు. పోలీసుల ముందు ఆమె ఆ దెబ్బలన్నీ మళ్లీ చేసి చూపిస్తుంది. ప్రాణం దక్కిన మైక్ సంతోషించాలి గదా! సంతోషించడు; చిన్నబుచ్చుకుంటాడు. మగవాడు మగవాడిగా, ఆడది ఆడదిగా వుండాలి గాని ఇదేమిటని సణుగుతాడు. ఆమె కండబలం బంతిమీద ప్రయోగిస్తే అతనికి లాభం. అదే బలం అతన్ని కాపాడితే అవమానం. కాగితం మీద చెరి సగం రాసుకున్నా మనసులో సగం ఇవ్వటం అంత తేలిక కాదని రచయితలు గమనించారు.

ముగింపులో మైక్ ఆ పాత ప్రశ్నలను పాట్‌కు వేస్తాడు. మొదటి రెండింటికీ ఆమె హకో చెప్పిన జవాబులే చెబుతుంది. మూడవదానికి కూడా, మురికి కాలవలో పడతానంటుంది. పడి? అని అతను రెట్టిస్తే జవాబు మారిపోతుంది: పడి, నిన్ను కూడా నాతో పాటు లాక్కుపోతాను. యజమాని లేకపోతే కూలివాడికి బతుకు లేదన్నది పాత జవాబు. కూలివాడు లేకపోతే యజమానికీ బతుకు లేదన్నది కొత్త జవాబు. సమ్మె చేసిన ప్రతి కార్మికుడికీ తెలిసిన ఈ చిన్న సత్యాన్ని ఒక ప్రేమకథ చివర చమత్కారంగా పెట్టి తెర దించారు.

ఆ తెర దించింది ఏ కాలంలోనో మరిచిపోరాదు. 1947లో వాషింగ్టన్ ‘అమెరికా వ్యతిరేక కార్యకలాపాల’ సంఘం హాలీవుడ్ మీద విచారణ మొదలుపెట్టింది. జవాబు చెప్పటానికి నిరాకరించిన పదిమంది రచయితలూ దర్శకులూ 1950లో జైళ్లకు పోయారు. ‘పాట్ అండ్ మైక్’ వచ్చిన 1952లోనే చాప్లిన్‌ను తిరిగి దేశంలోకి రానివ్వకుండా అనుమతి రద్దు చేశారు. హెప్‌బర్న్ 1947 మేలో హెన్రీ వాలెస్ సభలో ఎర్రటి దుస్తులు ధరించి నిలబడి, కళాకారుల నోరు నొక్కటానికి వ్యతిరేకంగా మాట్లాడిన మనిషి. యుద్ధకాలంలో ఫాక్టరీలలో పనిచేసిన స్త్రీలను ఇళ్లకు మళ్లించే ప్రచారం ఆనాడు జోరుగా వున్నది. అటువంటప్పుడు నలభై అయిదేళ్ల కథానాయిక ఉద్యోగం చేసే వరుణ్ణి వదిలి ఆటను వృత్తిగా ఎంచుకోవటం చిన్న విషయం కాదు.

అయితే ఈ చిత్రం చూడనివి కూడా వున్నాయి. వాటిని చెప్పకుండా మెచ్చుకుంటే అది విమర్శ కాదు. టెన్నిసు దృశ్యంలో పాట్ ప్రత్యర్థి గస్సీ మోరన్. 1949 వింబుల్డన్‌లో ఆమె లోదుస్తుల అంచుకు లేసు కుట్టించుకుందని పత్రికలు ప్రపంచమంతా గగ్గోలు పెట్టాయి. ఫోటోలు తీసేవాళ్లు నేలమీద పడుకుని మరీ తీశారు. ఆమె ఆట ఎవరికీ పట్టలేదు. ఒక్క కోలియర్ చూపుకే పాట్ కుంగిపోతే, అన్ని కెమెరాల చూపుల మధ్య మోరన్ ఎలా ఆడిందన్న ప్రశ్న చిత్రం వేసుకోలేదు. ఇంకొక అతిథి, టెన్నిసు చాంపియన్ ఆలిస్ మార్బుల్. నల్లజాతి క్రీడాకారిణి ఆల్తియా గిబ్సన్‌కు పోటీలలో ప్రవేశం ఇవ్వకపోవటం సిగ్గుచేటని 1950లో పత్రికలో బహిరంగంగా రాసి తలుపు తెరిపించిన వాళ్లలో ఆమె ముఖ్యురాలు. గిబ్సన్ ఆ ఏడే ఫారెస్ట్ హిల్స్‌లో ఆడింది; 1957లో వింబుల్డన్ గెలిచింది. మార్బుల్ చిత్రంలో వున్నది, ఆమె రాసిన మాట లేదు. నిజమైన క్రీడాకారులను ఇంతమందిని తెచ్చి చూపిన చిత్రంలో ఒక్క నల్లజాతి చాంపియన్ కనపడడు. అమెరికా పురుష గోల్ఫు వృత్తి సంఘం తెల్లవారికే సభ్యత్వమన్న నియమాన్ని 1961 దాకా మోసింది. ఆ పచ్చిక అందం వెనుక ఆ కంచె వున్నది.

మా కాలేజీలో విద్యార్థులు నడుపుకునే చిన్న చలనచిత్ర గోష్ఠిలో ఈ సినిమా వేశాము. చర్చలో కుర్రాళ్లు చాలామంది మైక్ పక్షం వహించారు. అప్పుడు బి.ఎ. రెండవ సంవత్సరం చదివే ఒక అమ్మాయి లేచింది. కబడ్డీ ఆడుతుంది, మోకాలికి ఎప్పుడూ ఒక పట్టీ వుంటుంది. “మేడం, కోలియర్ చూస్తే ఆడలేకపోయింది, మైక్ చూస్తే ఆడగలిగింది. ఎవరో ఒకరు చూడాల్సిందేనా? గట్టుమీద ఎవరూ లేకపోతే ఆమెకు ఆట లేదా?” అన్నది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత మా ఫిజికల్ డైరెక్టరు గారు, ఆమె కూడా స్త్రీయే, మెల్లగా అన్నారు: “చూసేవాడు ఒక్కడైతే భయమేనమ్మా. పక్కన నీతో పాటు కూతకు వెళ్లే పిల్లలు ఆరుగురుంటే ఎవడు చూసినా నీకు గుర్తుండదు.” ఆమె ఉద్యోగం కాంట్రాక్టుది. ప్రతి ఏడూ వేసవిలో తెగిపోయి, మళ్లీ కాలేజీ తెరిచాక అతుక్కుంటుంది. మధ్యనున్న నెలలకు జీతం లేదు. మురికి కాలవ ప్రశ్న ఆమెను ఏడాదికొకసారి ఎవరో అడుగుతూనే వున్నారన్నమాట.

ఆ ఇద్దరి మాటలూ కలిపి చూస్తే ఈ చిత్రానికి వున్న హద్దు స్పష్టపడింది. చెరి సగం అనేది ఇద్దరి మధ్య ఒప్పందం. మైక్ మంచివాడు గనుక అది నిలిచింది. మంచివాడు దొరకని పాట్‌ల మాటేమిటి? దీనికి చరిత్ర తరువాత జవాబు చెప్పింది. 1968లో వింబుల్డన్ తొలిసారి బహుమతి సొమ్ము ఇచ్చినప్పుడు పురుష విజేత రాడ్ లేవర్‌కు 2,000 పౌన్లు, స్త్రీ విజేత బిల్లీ జీన్ కింగ్‌కు 750 పౌన్లు. 1970లో తొమ్మిదిమంది క్రీడాకారిణులు ఈ వ్యత్యాసాన్ని సహించక, హూస్టన్‌లో తలా ఒక్క డాలరు కంట్రాక్టు మీద సంతకం చేసి వేరే పోటీ ఆడారు. టెన్నిసు పెద్దలు వారిని వెలివేస్తామని బెదిరించారు. 1973లో స్త్రీల టెన్నిసు సంఘం ఏర్పడింది; అదే ఏడు అమెరికా ఓపెన్ స్త్రీ పురుషులకు సమాన బహుమతి ఇచ్చింది. వింబుల్డన్ అంతదూరం నడిచేసరికి 2007 అయింది. అమెరికా మహిళా ఫుట్‌బాల్ జట్టు కోర్టుకెక్కి కొట్లాడి సమాన వేతన ఒప్పందం సాధించినది 2022లో. ఇందులో ఏ ఒక్కటీ దయగల మైక్ ఇచ్చినది కాదు. సంతకాలు పెట్టినవాళ్లు తొమ్మిదిమంది గనుక బెదిరింపు పారలేదు. ఒక్కతె అయివుంటే ఆమె ఆట అంతటితో సరి.

బేబ్ డిడ్రిక్సన్ 1932లో ఒంటరి. హోదా తీసేస్తే అడిగేవాడు లేడు. 1950లో ఆమె పదముగ్గురిలో ఒకతె. ఈ రెండు అంకెల మధ్య వున్న దూరాన్ని ‘పాట్ అండ్ మైక్’ చూపలేదు. చూపటానికి కావలసిన మనుషులు మాత్రం దాని తెర మీదనే, గోల్ఫు కర్రలు పట్టుకుని నిలబడి వున్నారు.

విద్యార్థి సంఘాలూ ఉపాధ్యాయ సంఘాలూ ఈ చిత్రాన్ని వేసి చూపవలసిందని నా కోరిక. నవ్వవలసినచోట నిండుగా నవ్వనివ్వండి. తెర దిగాక హకోకు వేసిన మూడు ప్రశ్నలనూ నల్లబల్ల మీద రాసి, కాంట్రాక్టు మాష్టరునూ, హాస్టలు వంటమనిషినీ, జట్టులో పేరు పోయిన ఆడపిల్లనూ పిలిచి జవాబులు అడగండి. తమను తయారు చేసినది ఎవరో, తమలో వాటా ఎవరిదో వాళ్లు చెబుతారు. మూడవ ప్రశ్న వచ్చేసరికి వాళ్లను విడివిడిగా నిలబెట్టకండి. ఒక్కచోట కూర్చోబెట్టి అడగండి.